స్నూకర్ బాల్స్ ఇంట్లో శుభ్రం చేయడం: టూత్‌పేస్టు, కార్ పాలిష్ వాడొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పాత టేబుల్‌తో పాటు వచ్చిన స్నూకర్ సెట్ మసకబారింది, చేతికి కాస్త జిగటగా తగులుతోంది. తెల్ల బాల్ పసుపెక్కింది, దాని నిండా క్యూ (ఆడే కర్ర) కొసకి రాసే నీలం చాక్ మచ్చలు. టేబుల్ డైనింగ్ హాల్ పక్కనే, వంటింటికి దగ్గర్లో ఉంది. టూత్‌పేస్టుతో తోమమని ఒకరు, కార్ పాలిష్ పట్టించమని ఇంకొకరు చెప్పారు. ఏం చేయాలి, ఎన్నాళ్లకోసారి చేయాలి?

రెండూ వద్దు. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు, మెత్తటి గుడ్డ. ముందు ఇవి చాలు. మీరు పోయిందనుకుంటున్న మెరుపులో చాలా భాగం నిజానికి పోలేదు, మురికి కింద ఉంది. కడిగి, పూర్తిగా ఆరాక కూడా మసకగా ఉంటేనే పాలిష్ గురించి ఆలోచించండి. అది కూడా బిలియర్డ్స్ బాల్స్ కోసమే తయారైన పాలిష్ అయి ఉండాలి. ఏది వాడినా సరే, పని అయ్యాక బాల్ మీద ఏమీ మిగలకూడదు. సబ్బు గానీ, మైనం గానీ, నూనె గానీ, పాలిష్ గానీ. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ఒక క్లబ్‌లో బిలియర్డ్స్ రూమ్ బాగోగులు చాలా ఏళ్లు చూశాను, ఇప్పుడు ఇంట్లో సొంత టేబుల్ ఉంది. ఆ అనుభవంతో రాస్తున్నాను.

ముందు బాల్ మీద ఉన్న మురికి ఏమిటో తెలిస్తే, దాన్ని ఎలా తీయాలో మీకే అర్థమవుతుంది. అది ఒట్టి దుమ్ము కాదు. చాక్ పొడి, చేతి చెమట, టేబుల్ మీద పరిచిన క్లాత్ నుంచి ఊడిన ఉన్ని నూగు, ఫ్యాన్ గాలికి చేరే ధూళి కలిసి పలచటి పొరలా అంటుకుంటాయి. మీ ఇంట్లో టేబుల్ వంటింటికి దగ్గరగా ఉందంటున్నారు కాబట్టి తాలింపు పొగలోని నూనె ఆవిరి కూడా అందులో కలుస్తుంది. మీకు తగులుతున్న జిగట ఎక్కువగా దానివల్లే అయి ఉండాలి. మిర్చి బజ్జీ తిన్న చేత్తో బాల్ పట్టుకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇందులో అసలు సమస్య చాక్. క్యూ చాక్ మన బళ్లో వాడే సుద్ద లాంటిది కాదు. అందులో ప్రధానంగా సిలికా, దానికి తోడు గరుకైన ఖనిజాల పొడి, రంగు, వాటిని పట్టి ఉంచే జిగురు ఉంటాయి. 1897లో అమెరికాలో విలియం స్పింక్స్, విలియం హాస్కిన్స్ అనే ఇద్దరు పేటెంట్ తీసుకున్న మిశ్రమంతో మొదలైన పద్ధతి ఇది. క్యూ కొస జారకుండా బాల్‌ని పట్టాలి కాబట్టి చాక్ గరుకుగానే ఉండాలి. ఆ గరుకు పొడిని చేతి జిడ్డు బాల్‌కి అతికిస్తుంది. అంటే తీయాల్సింది ముందు జిడ్డుని. జిడ్డు వదిలితే చాక్ దానంతటదే వదులుతుంది. గిన్నెల లిక్విడ్ పనిచేసేది అందుకే. పొడి గుడ్డతో గట్టిగా రుద్దితే జిడ్డు అలాగే ఉంటుంది, గరుకు పొడి మాత్రం బాల్ మీద అటూ ఇటూ గీతలు పెడుతుంది.

ఇదంతా అందం కోసం చెప్పడం లేదు, ఆట కోసం. చాక్ మచ్చ సరిగ్గా రెండు బాల్స్ తాకే చోట పడితే ఆ క్షణంలో వాటి మధ్య రాపిడి బాగా పెరుగుతుంది. మామూలుగా ఒకదాని మీద ఒకటి జారి విడిపోవాల్సినవి ఒక్క క్షణం పట్టేసుకుంటాయి. తెల్ల బాల్ చిన్నగా ఎగురుతుంది, టక్‌మనే బదులు మొద్దు శబ్దం వస్తుంది, కొట్టిన బాల్ మీరు గురిపెట్టిన దారి తప్పి పాకెట్ అంచుకి తగులుతుంది. దీన్నే ఆటగాళ్లు కిక్ అంటారు. టీవీలో మ్యాచ్ చూసేవాళ్లకి తెలుసు, ఆటగాడు అడగగానే రిఫరీ బాల్ ఉన్న చోటుకి గుర్తు పెట్టే పరికరం ఆనించి, బాల్ ఎత్తి తుడిచి, మళ్లీ కచ్చితంగా అక్కడే పెడతారు. ఇండియన్ ఓపెన్ అనే ప్రొఫెషనల్ స్నూకర్ టోర్నమెంట్ 2016లో హైదరాబాద్‌లో, 2017లో విశాఖపట్నంలో జరిగింది. అప్పుడు హాల్లో కూర్చుని చూసిన మనవాళ్లకి ఈ దృశ్యం దగ్గరగా గుర్తుండే ఉంటుంది. ప్రపంచ స్థాయి టేబుల్ మీద, కొత్త క్లాత్ మీద కూడా ఆ జాగ్రత్త తీసుకుంటున్నారంటే, డైనింగ్ హాల్ పక్కన ఉన్న టేబుల్‌కి అది ఇంకెంత అవసరమో చూడండి. ఈమధ్య చాలామంది ప్రొఫెషనల్స్ ఫిన్లండ్‌లో తయారయ్యే టావోమ్ లాంటి చాక్‌లకి మారిందీ ఇందుకే, బాల్ మీద మచ్చలు తక్కువ పడతాయని.

ఇప్పుడు బాల్ దేనితో తయారైందో చూసుకోవాలి. మంచి సెట్లు ఫినాలిక్ రెసిన్ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో చేస్తారు. బెల్జియంలోని సాలూక్ కంపెనీ తయారుచేసే అరమిత్ సెట్లే మన క్లబ్బుల్లో ఎక్కువగా కనిపిస్తాయి. ఈ పదార్థం గట్టిది, నీళ్లని దాదాపుగా పీల్చదు, తేలికపాటి సబ్బుతో దీనికి ఏమీ కాదు. చవక సెట్లు పాలిస్టర్ లాంటి ప్లాస్టిక్‌తో వస్తాయి. అవి తొందరగా గీతలు పడతాయి, తొందరగా పసుపెక్కుతాయి, ఘాటైన ద్రవాలు తగిలితే పైపొర దెబ్బతింటుంది. పెట్టె దొరికితే దాని మీద రాసి ఉంటుంది. పెట్టె లేకపోతే రెండు బాల్స్ ఒకదానికొకటి మెల్లగా తాకించి వినండి. ఫినాలిక్ అయితే స్పష్టమైన, పదునైన టక్ శబ్దం వస్తుంది. చవక రకానికి అంత పదును ఉండదు. తేల్చుకోలేకపోతే చవక రకమే అనుకుని జాగ్రత్తగా కడగండి, నష్టమేమీ లేదు.

ఒక్క మినహాయింపు ఉంది. తాతల కాలం నాటి సెట్ అయితే నీళ్లలో పెట్టకండి. ఈ ఆట పుట్టింది మన దేశంలోనే, 1875లో జబల్‌పూర్‌లో బ్రిటిష్ సైనికాధికారుల మెస్‌లో, నెవిల్ చాంబర్లేన్ అనే యువ అధికారి చేతుల్లో. తర్వాత 1882లో ఊటీ క్లబ్‌లో నియమాలు రాసి పెట్టారు. ఆ రోజుల్లో బాల్స్ ఏనుగు దంతంతో చేసేవారు. తర్వాత సెల్యులాయిడ్, క్రిస్టలేట్ లాంటి మిశ్రమాలు వచ్చాయి. దంతం తేమకీ వేడికీ వ్యాకోచించి బీటలు వారుతుంది. పాత మిశ్రమాల బాల్స్ కూడా నీళ్లలో నానడం మంచిది కాదు. మా క్లబ్‌లో ఒక పెద్దాయన తన నాన్నగారి సెట్ తెచ్చి కడిగిపెట్టమన్నారు. మిశ్రమం బాల్స్ అవి, కొన్నింటి మీద సన్నటి వెంట్రుకల్లాంటి పగుళ్లు. పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, పెట్టెలో గుడ్డ చుట్టి ఇచ్చేశాను. ఆడొద్దని కూడా చెప్పాను. అలాంటివి మీ దగ్గరుంటే వాటిని దాచుకోండి, ఆటకి వేరే సెట్ వాడండి.

ఇక కడిగే పద్ధతి.

వెడల్పాటి ప్లాస్టిక్ టబ్ తీసుకుని అడుగున పాత టవల్ పరచండి. బాల్స్ ఒకదానికొకటి కొట్టుకోకుండా, చేయి జారినా దెబ్బ తగలకుండా ఉంటుంది. స్టీలు సింకులో, గచ్చు మీద ఈ పని పెట్టుకోవద్దు. తడి బాల్ సబ్బు చేతిలోంచి జారిందంటే టైల్ పగులుతుంది, లేదా బాల్ పెచ్చు లేస్తుంది. నీళ్లు చేతికి హాయిగా ఉన్నంత వెచ్చగా చాలు. మరిగే నీళ్లు వద్దు. కొందరు గిన్నెలు కడిగే మెషిన్‌లో పెడతారు, అది అసలే వద్దు. అందులో వేడి ఎక్కువ, వాడే పొడి ఘాటు ఎక్కువ, పైగా బాల్స్ లోపల కొట్టుకుంటాయి.

ఒక్కసారి నాలుగైదు బాల్స్ మాత్రమే వేయండి. ఫినాలిక్ బాల్స్ అయితే ఐదు పది నిమిషాలు నాననివ్వండి, జిడ్డు వదులవుతుంది. తర్వాత ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుని మెత్తటి గుడ్డతో అన్ని వైపులా తిప్పుతూ రుద్దండి. ఉతికి ఉతికి మెత్తబడిన పాత కాటన్ బనియన్ ఈ పనికి భేషుగ్గా ఉంటుంది. చాక్ మచ్చ మొండికేస్తే గుడ్డ మీద ఇంకో చుక్క లిక్విడ్ వేసి బొటనవేలితో మెల్లగా గుండ్రంగా తిప్పండి. ఆకుపచ్చ స్క్రబ్బర్, స్టీలు పీచు, కొబ్బరి పీచు దగ్గరికి కూడా రానివ్వకండి.

ఎర్ర బాల్స్ అయ్యాక నీళ్లు మార్చండి. తర్వాత రంగు బాల్స్. తెల్ల బాల్ చివర్లో, విడిగా. చాక్ అంతా ముందు దాని మీదే పడుతుంది కాబట్టి దాని మురికి ఎక్కువ. ఆ నీళ్లలో మిగతావి ముంచితే వాటికీ అంటుతుంది.

జాడించడం దగ్గరే చాలామంది తొందరపడతారు. సబ్బు పూర్తిగా పోకపోతే ఆరాక అదే ఒక పొర అవుతుంది. కుళాయి కింద సన్నటి ధారలో పెట్టి, వేళ్లకి జారుడు తగలకుండా పోయేదాకా కడగండి. మీది బోరు నీళ్లయితే ఇంకో చిన్న పని ఉంది. తెలంగాణలో, రాయలసీమలో చాలా చోట్ల బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. అవి బాల్ మీద ఆరితే తెల్లటి చుక్కలు మిగులుతాయి, బకెట్ అంచున కట్టే తెల్ల పొర లాంటివే. అందుకని చివర్లో ఒకసారి ఆర్‌వో ఫిల్టర్ నీళ్లలో ముంచి తీసి, ఆరనివ్వకుండా వెంటనే టవల్‌తో తుడవండి. నీటి చుక్క దానంతటది ఆరే అవకాశం ఇవ్వకూడదు.

తుడిచాక నీడలో, ఫ్యాన్ కింద, పొడి టవల్ మీద ఒక గంట వదిలేయండి. డాబా మీద ఎండబెట్టకండి. ఏది కడిగినా ఎండలో పెట్టడం మనకి అలవాటు, కానీ ఎండలోని అతినీలలోహిత కిరణాలే తెల్ల బాల్‌ని పసుపు చేసే వాటిలో ఒకటి. వానాకాలంలో, కోస్తా ఊళ్లలో గాల్లో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు ఇంకాస్త సేపు ఫ్యాన్ కింద ఉంచి, తర్వాతే టేబుల్ మీదికి తీసుకెళ్లండి. తడి బాల్ క్లాత్ మీద దొర్లితే చాక్ పొడి అక్కడే బురదలా అంటుకుంటుంది, ఆ మచ్చ వదిలించడం పెద్ద పని.

ఆరాక ఒక తెల్ల టిష్యూతో గట్టిగా తుడిచి చూడండి. టిష్యూ తెల్లగానే ఉండి, బాల్ వేలికి నున్నగా, పొడిగా తగిలితే పని అయిపోయినట్టే. బూడిద రంగు దిగితే ఇంకోసారి కడగండి. మీ సెట్ పరిస్థితి చూస్తే మొదటిసారి రెండు సార్లు కడగాల్సి రావచ్చు. ఆ పని చేశాకే పాలిష్ కావాలో వద్దో తేల్చుకోండి. మురికి మీద పాలిష్ రుద్దితే, చాక్‌లోని గరుకు పొడి పాలిష్‌తో కలిసి ఉప్పుకాగితంలా పనిచేస్తుంది.

పాలిష్ ఎప్పుడు? శుభ్రంగా ఆరిన బాల్‌ని ట్యూబ్‌లైట్ కింద పట్టి చూడండి. లైట్ ప్రతిబింబం అంచులు స్పష్టంగా కనిపిస్తే పాలిష్ అక్కర్లేదు. అలుక్కుపోయినట్టు, పొగ పట్టినట్టు కనిపిస్తే పైపొర మీద సన్నటి గీతలు పేరుకున్నాయని అర్థం. వాటిని నున్నగా చేయడానికే పాలిష్.

అరమిత్ వాళ్లవే రెండు సీసాలు దొరుకుతాయి. ఒకటి క్లీనర్, రెండోది రిస్టోరర్. క్లీనర్ మామూలు వాడకానికి. రిస్టోరర్ బాగా మసకబారిన బాల్స్‌కి. మొదట క్లీనర్‌తోనే ప్రయత్నించండి. అది చాలకపోతేనే రెండోది. పూల్ ఆడేవాళ్లలో నోవస్ 2 అనే ప్లాస్టిక్ పాలిష్‌కి కూడా మంచి పేరుంది. గీతలు పోగొట్టడానికి అది పనికొస్తుంది, కానీ అదీ చిన్న గరుకుతనం ఉన్నదే కాబట్టి తరచుగా వాడేది కాదు.

పద్ధతి తేలిక. మైక్రోఫైబర్ గుడ్డలు రెండు తీసుకోండి, ఒకటి పట్టించడానికి, ఒకటి తుడవడానికి. కార్ సామాన్ల షాపుల్లో దొరికేవి చాలు. ఉతికేటప్పుడు బట్టల మెత్తదనం కోసం పోసే కండిషనర్ వీటికి వేయకండి, అది గుడ్డలో మిగిలి బాల్‌కి అంటుతుంది. గుడ్డ మీద శనగగింజంత పాలిష్ వేసి, బాల్‌ని రెండు అరచేతుల మధ్య గుడ్డలో పెట్టి లడ్డూ చుట్టినట్టు అన్ని దిక్కులా తిప్పండి. ఒకే చోట, ఒకే దిశలో రుద్దడం తప్పు. ఒక వైపే అరిగితే గుండ్రదనం పోతుంది. పలచటి పొగలాంటి పొర ఏర్పడ్డాక రెండో గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. తెల్ల బాల్‌కి విడిగా కొత్త గుడ్డ వాడండి, లేకపోతే ఎర్ర బాల్స్ నుంచి దిగిన రంగు దానికి అంటుకుంటుంది. గుడ్డకి రంగు బాగా దిగుతోందంటే బాల్ పైపొర అరుగుతోందన్న మాట, అక్కడితో ఆపేయండి.

ఇది నా సొంత అలవాటు, చాలామంది చేయరు. పాలిష్ అయ్యాక ఇంకోసారి సబ్బు నీళ్లలో తేలిగ్గా కడిగి తుడుస్తాను. గుడ్డతో ఎంత తుడిచినా పాలిష్ కాస్త మిగులుతుంది. అది మిగిలితే మొదటి రోజు బాల్స్ మరీ జారుడుగా ఆడతాయి. స్క్రూ (తెల్ల బాల్ వెనక్కి వచ్చేలా కొట్టే దెబ్బ) కొడితే తెల్ల బాల్ మామూలు కంటే ఎక్కువ దూరం వెనక్కి వస్తుంది, బాల్ అంచుకి సన్నగా తాకించే కట్‌లు వేరేలా పడతాయి. రెండు మూడు రోజుల్లో ఆ పొర అరిగి మళ్లీ పాత తీరుకొస్తుంది. ఆ మార్పుల మధ్య మీ చేతికి లెక్క దొరకదు. అందుకే మొదటి రోజే మిగులు లేకుండా చేసుకోవడం మేలు. ఇదే కారణంతో తెల్ల బాల్ ఒక్కదాన్నే పాలిష్ చేయకండి. మొత్తం 22 బాల్స్ ఒకేసారి చేయండి.

డ్రిల్ మెషిన్‌కి బఫింగ్ ప్యాడ్ బిగించి, బకెట్‌లో కార్పెట్ ముక్క అతికించి మెషిన్ తయారుచేసుకునే వీడియోలు చాలా ఉన్నాయి. రోజంతా ఆట నడిచే పార్లర్‌కి అది అవసరమే, వాళ్లు మెషిన్ కొనుక్కోవడమే మంచిది. ఇంట్లో ఒక్క సెట్‌కి చేతిపనే చాలు. వేగంగా తిరిగే ప్యాడ్ ఒకే చోట వేడి పుట్టిస్తుంది, చేతిలోంచి బాల్ ఎగిరితే అద్దాలు పగులుతాయి.

ఇప్పుడు మీకు వచ్చిన సలహాల సంగతి.

టూత్‌పేస్టులో పళ్లు తోమడానికి సరిపడా గరుకు పొడి ఉంటుంది. మొదటిసారి వాడినప్పుడు మురికితో పాటు పైపొరని కూడా గీస్తుంది కాబట్టి తళతళలాడినట్టు అనిపిస్తుంది. ఆ సన్నటి గీతల్లోకి తర్వాత చాక్ మరింత తేలిగ్గా చేరుతుంది. రెండు నెలలకి ముందుకంటే తొందరగా మసకబారుతుంది. ఇత్తడి సామాన్లు తోమే పొడి, చింతపండు, నిమ్మ ఉప్పు, బూడిద కూడా వద్దు. అవి లోహం మీద పట్టిన పొరని తీయడానికి, రెసిన్ మీద వాటికి పని లేదు.

కార్ పాలిష్ విషయం వేరు. దాని పెద్ద ఇబ్బంది గీతల కంటే మిగులు. కార్ పాలిష్‌లో, డ్యాష్‌బోర్డ్ స్ప్రేలో, ఫర్నిచర్ పాలిష్‌లో సాధారణంగా మైనం గానీ సిలికోన్ నూనె గానీ ఉంటుంది. అవి ఉన్నది అక్కడ ఒక పొరగా మిగిలి మెరవడానికే. బాల్ మీద సరిగ్గా అదే అక్కర్లేనిది. మా క్లబ్‌లో ఒక సభ్యుడు తన సొంత సెట్ అద్దంలా చేశానని తెచ్చాడు. నిజంగానే చూడముచ్చటగా ఉన్నాయి. ఆట మొదలైన కాసేపటికి బాల్స్ క్లాత్ మీద జారడం మొదలైంది, ఒకే దెబ్బకి ఒక్కోసారి ఒక్కో దూరం. గంట గడిచేసరికి ఆ మైనానికి చాక్ పొడి అంటుకుని బాల్స్ మీద నల్లటి మరకలు, టేబుల్ ఒక చివర గీసి ఉండే బాల్క్ లైన్ దగ్గర క్లాత్ మీద సన్నటి జిడ్డు గీతలు. డ్యాష్‌బోర్డ్ స్ప్రే కొట్టాడని తర్వాత తెలిసింది. బాల్స్‌ని సబ్బుతో పలుమార్లు కడిగితే మామూలు స్థితికి వచ్చాయి. క్లాత్ మీది గీతలు మాత్రం క్లాత్ మార్చేదాకా అలాగే ఉన్నాయి. ఉన్ని క్లాత్ నూనె పీల్చుకుంటే దాన్ని బయటికి తీసే మార్గం దాదాపు లేదు. బాల్ కంటే క్లాత్ మార్చడానికయ్యే ఖర్చు ఎంత ఎక్కువో టేబుల్ కొన్నారు కాబట్టి మీకూ తెలుసు.

శానిటైజర్ గురించి కూడా ఇంతే. కొవిడ్ రోజుల నుంచి అందరింట్లో ఒక సీసా ఉంటోంది, దాంతో తుడిస్తే సరిపోతుందనుకుంటారు. జెల్‌లో గ్లిసరిన్ ఉంటుంది, అది ఆరాక జిగటగా మిగులుతుంది. పెన్ను గీతో, స్టిక్కర్ జిగురో వదలకపోతే ఫినాలిక్ బాల్ మీద మాత్రం గుడ్డకి కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది ఆ చోట తుడిచి, వెంటనే సబ్బు నీళ్లతో కడగండి. పెట్రోల్, థిన్నర్, గోళ్ల రంగు తుడిచే ద్రవం, బ్లీచింగ్ పొడి ఏ రకం బాల్‌కీ వద్దు. మెలమైన్ స్పాంజ్ మ్యాజిక్‌లా మచ్చలు తీస్తుంది, నిజమే. కానీ అది చాలా సన్నటి ఉప్పుకాగితమే. మొండి మచ్చకి ఒకసారి మెల్లగా వాడితే పెద్ద నష్టం లేదు. అలవాటుగా వాడితే మెరుపు పోతుంది.

ఎన్నాళ్లకోసారి అన్నారు. దీనికి నా దగ్గర కచ్చితమైన తేదీల లెక్క లేదు, వాడకాన్ని బట్టి. ఆడిన ప్రతిసారీ, ఆట అయ్యాక బాల్స్‌ని మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టండి. దీనికి ఐదు నిమిషాలు పడుతుంది, మిగతా శ్రమంతా దీనితో తగ్గిపోతుంది. కాస్త తడిపి బాగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డ వేస్తే ఇంకా మంచిది. వారంలో రెండు మూడు రోజులు ఆడే ఇంట్లో నెలకోసారి సబ్బు నీళ్లు చాలు. పాలిష్ ఏడాదికి ఒకటి రెండు సార్లకి మించి అవసరం పడకూడదు. పాలిష్ చేసిన ప్రతిసారీ బాల్ నుంచి కొంచెం పోతుంది. స్నూకర్ బాల్ వ్యాసం 52.5 మిల్లీమీటర్లు ఉండాలి, అటూ ఇటూ 0.05 మిల్లీమీటర్ల తేడాని మాత్రమే నియమాలు ఒప్పుకుంటాయి. అంత సన్నటి లెక్కలో ఉన్న వస్తువుని ప్రతి నెలా అరగదీయడం మంచిది కాదు.

క్లాత్ సంగతి చూడకుండా బాల్స్ ఎంత కడిగినా ఫలితం నిలవదు. బాల్స్ దొర్లేది క్లాత్ మీదే, దానిలో ఉన్న చాక్ తిరిగి వాటికే అంటుతుంది. బాల్స్ కడిగిన రోజే టేబుల్ బ్రష్‌తో బాల్క్ వైపు నుంచి, నల్ల బాల్ పెట్టే బ్లాక్ స్పాట్ వైపు, ఒకే దిశలో, నూగు వాలి ఉన్న దారినే బ్రష్ చేయండి. ఎదురు చేయకండి. టేబుల్ అంచుల కుషన్ల కింద, పాకెట్ల నోళ్ల దగ్గర పేరుకున్న పొడిని తీసేయండి. పాకెట్ వలలు, తోలు కూడా తుడవండి, పాకెట్‌లో పడిన బాల్ వెళ్లి ఆ దుమ్ములోనే పడుతుంది. ఇంకో మాట, చాక్ వేసుకునేటప్పుడు టేబుల్‌కి ఓ అడుగు దూరంగా జరగండి. క్లబ్బుల్లో పాత మార్కర్లు (స్కోరు చూసే సిబ్బంది) కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి మొదట చెప్పే మాట ఇదే, క్యూ ఎలా పట్టుకోవాలో తర్వాత చెబుతారు. చాక్ ముక్కని కూడా టేబుల్ అంచు మీద బోర్లా పెట్టకండి, పొడి రాలుతూనే ఉంటుంది. వీలైతే ఆటకి ముందు చేతులు కడుక్కోమని అందరికీ చెప్పండి, వచ్చిన చుట్టాలకి కూడా.

కడిగి ఆరబెట్టిన తర్వాత చేతిలో 22 బాల్స్ శుభ్రంగా ఉంటాయి కాబట్టి, అప్పుడే వాటిని పరీక్ష చేసేయండి. పాత సెట్ కొన్నవాళ్లు ఇది తప్పకుండా చేయాలి. బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతుంది. ఒక్కో బాల్ తూచి రాసుకోండి. నియమాల ప్రకారం ఒక సెట్‌లో బాల్స్ మధ్య బరువు తేడా 3 గ్రాములు దాటకూడదు. అరమిత్ వాళ్ల 1జి సెట్‌లో అయితే 1 గ్రాము లోపే ఉంటుంది. మాకు తెలిసిన ఒక ఇంట్లో ఎన్నిసార్లు కడిగినా రెండు ఎర్ర బాల్స్ ఎప్పుడూ వింతగా ఆడేవి. తూచి చూస్తే ఆ రెండూ మిగతా వాటికంటే బాగా తేలిక. ఎప్పుడో పోయిన బాల్స్ స్థానంలో వేరే కంపెనీవి కొని కలిపారు. అలాంటి తేడాని ఏ సబ్బూ సరిచేయదు. పెచ్చు లేచిన బాల్ కనిపిస్తే, ఎంత చిన్న పగులైనా, దాన్ని వాడకండి, క్లాత్ కోసేస్తుంది.

ఇక మీ పసుపెక్కిన తెల్ల బాల్. పసుపులో కొంత భాగం మురికే, అది కడిగితే పోతుంది. మిగతాది కాలంతో పాటు వెలుతురు, వేడి వల్ల రెసిన్‌లోనే వచ్చిన మార్పు. రిస్టోరర్‌తో రుద్దితే పైపైన కాస్త తేలికపడొచ్చు, కానీ పాలలాంటి తెలుపు తిరిగి రాదు. బ్లీచ్ చేసి తెల్లబరచాలని చూడొద్దు. లేత పసుపు ఉన్నంత మాత్రాన ఆటకి ఏ లోపమూ లేదు, బరువూ గుండ్రదనమూ సరిగ్గా ఉంటే నిశ్చింతగా వాడండి. కానీ ప్రతి షాట్‌కీ దెబ్బ తినేది తెల్ల బాలే కాబట్టి మిగతా 21 కంటే అదే ముందు అరుగుతుంది. త్రాసులో అది మిగతావాటికంటే తేలిగ్గా వస్తుంటే, లేదా ట్యూబ్‌లైట్ కింద తిప్పి చూసినప్పుడు చిన్న చిన్న గుంటలు కనిపిస్తుంటే, పాలిష్ మీద డబ్బు పెట్టకుండా కొత్తది ఒక్కటి కొనండి. కొనేటప్పుడు పాత సెట్ ఏ కంపెనీ, ఏ రకమో అదే తీసుకోండి, 52.5 మిల్లీమీటర్లదేనని చూసుకోండి. షాపుల్లో పక్కపక్కనే ఉండే పూల్ తెల్ల బాల్ 57.15 మిల్లీమీటర్లు, దాన్ని ఇచ్చేస్తుంటారు.